కృష్ణబిలం చుట్టూ అద్దం కడితే?

ప్రశ్న: మేడమ్, విద్యుదావేశం ఉన్న కృష్ణబిలం చుట్టూ అద్దం పెడితే బాంబులా పేలుతుందని చదివాను. అన్నీ మింగేసేది పేలడమేమిటి? అద్దం లేకుండా అలా జరగదా?
– బి.ఎస్సీ. విద్యార్థిని, తెనాలి

జవాబు: కృష్ణబిలం మింగడమే కాదమ్మా, ఇవ్వడమూ చేస్తుంది. 'బాంబు' ఊహ 1972లో ప్రెస్, ట్యుకోల్‌స్కీ అనే భౌతిక శాస్త్రవేత్తలది. వాళ్లు చెప్పింది తిరిగే బిలం గురించి. ఆవేశమున్న బిలం నుంచీ శక్తి లాగవచ్చని మరుసటి ఏడాది బెకెన్‌స్టైన్ చూపాడు. ఆవేశమున్న అదిశ క్షేత్రపు (అంటే ప్రతి బిందువు దగ్గరా దిశ లేకుండా విలువ మాత్రమే ఉండే క్షేత్రపు) అల ఒకటి బిలం మీదికి వెళ్లిందనుకోండి. క్షేత్రం ఆవేశాన్ని దిగంతం (దాటితే ఏదీ వెనక్కి రాలేని సరిహద్దు) దగ్గరి విద్యుత్ పొటెన్షియల్‌తో గుణించండి. అల పౌనఃపున్యం ఆ విలువకన్నా తక్కువైతే, అల వెళ్లినప్పటికన్నా బలంగా తిరిగొస్తుంది. ఆ శక్తీ, కొంత ఆవేశమూ బిలం పోగొట్టుకున్నవే. అద్దం దాన్ని మళ్లీ మళ్లీ లోపలికి పంపితే అల పెరుగుతూ పోతుంది.

అద్దం లేకపోతే? నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. క్షేత్రానికి ద్రవ్యరాశి ఉంటే, తిరిగే బిలం దగ్గర గురుత్వమే అలను పట్టి ఉంచి అద్దం పని చేస్తుంది. ఆవేశిత బిలం దగ్గర మాత్రం అలకు బలమిచ్చేదీ, దాన్ని దూరంగా నెట్టేదీ ఒకే విద్యుత్ వికర్షణ. శక్తి లాగేంత వికర్షణ ఉంటే, ఆ అలను గురుత్వం కట్టి ఉంచలేదు. 2012–13లో షహర్ హోడ్ అనే శాస్త్రవేత్త దీన్ని గణితంతో నిరూపించాడు.

అద్దం ఉన్నా బిలం ముక్కలైపోదు. 2016లో సాంచిస్-గ్వాల్ బృందం ఐన్‌స్టైన్ సమీకరణాలను పూర్తిగా కంప్యూటర్‌లో నడిపి చూసింది. అల పెరిగేకొద్దీ బిలం ఆవేశం తరుగుతుంది, పొటెన్షియల్ పడిపోతుంది. అల పౌనఃపున్యమూ, పైన చెప్పిన ఆ గుణకార ఫలమూ సమానమైన చోట ఎదుగుదల ఆగిపోతుంది. క్షేత్రం ఆవేశం బాగా పెద్దదైతే దారిలో పేలుడులాంటి దశ వస్తుంది, అయినా చివరికి మిగిలేది క్షేత్రాన్ని చుట్టుకున్న బిలమే. దానికి 'జుట్టు' ఉందంటారు.

ఆకాశంలోని బిలాలు వ్యతిరేక ఆవేశాన్ని లాక్కుని దాదాపు తటస్థంగానే ఉంటాయి. అయినా ఈ లెక్కలు అవసరమనే నా గట్టి నమ్మకం. గోళాకారం వల్ల ఇవి తేలిక, తిరిగే బిలాల తీరుకు దారి చూపిస్తాయి.

బిలమే లేకుండా, తన గురుత్వంతో తానే ముద్దగా నిలిచే క్షేత్రాన్ని బోసాన్ నక్షత్రం అంటారు. 1968లో కౌప్ దాన్ని లెక్కగట్టాడు, ఆవేశమున్న రూపాన్ని 1989లో జెట్జర్, వాన్ డెర్ బై పరిశీలించారు. అక్కడా వికర్షణకూ గురుత్వానికీ పోటీయే. కూలుంబ్, న్యూటన్ సూత్రాలు మీకు వచ్చినవే కదా, రెండు ప్రోటాన్ల మధ్య వికర్షణ గురుత్వానికి ఎన్ని రెట్లో వేసి చూడండి. సుమారు 10³⁶ వస్తుంది. అందుకే మనకు తెలిసిన ఆవేశిత కణాలతో అలాంటి నక్షత్రం నిలవదు. ఆవేశం అతి స్వల్పంగా ఉన్న కొత్త కణమేదైనా కావాలి.