గ్రానైట్ కటింగ్ శబ్దానికి చెవిలో దూది చాలదు

చీమకుర్తిలోని మీ గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో కార్మికులు ఇయర్‌ప్లగ్‌లు తీసేస్తున్నారనీ, బదులుగా దూది సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు, దూది ఆపే శబ్దం చాలా స్వల్పం. ముందుగా శబ్దాన్ని యంత్రం దగ్గర కాకుండా కార్మికుడి చెవి దగ్గరే కొలిపించండి, ఎందుకంటే మన కర్మాగారాల నిబంధనల్లో చాలాకాలంగా ఉన్న లెక్క ప్రకారం చెవికి చేరే శబ్దం 90 డెసిబెల్స్ ఉంటే రోజుకు 8 గంటలు పనిచేయవచ్చు గానీ, ఆపైన ప్రతి 5 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతూ 100 దగ్గర 2 గంటలకు పడిపోతుంది. నా దృష్టిలో ప్లగ్‌ల కంటే ముందు మార్చవలసింది బ్లేడు: ఉక్కు పలకల మధ్య పొర ఉన్న, శబ్దం తగ్గించే డైమండ్ బ్లేడ్లు బజారులో దొరుకుతాయి (ధర ఎక్కువేననుకోండి). ఇక ప్లగ్‌లు సైజు కుదరక, చెమటకు చిరాకు పుట్టి తీసేసేవారికి చెవులను పైనుంచి కప్పే ఇయర్‌మఫ్‌లు ఇచ్చి, అందరికీ ఏటా ఆడియోమెట్రీ (వినికిడి) పరీక్ష చేయించండి.