తాగుడు మానలేనివాణ్ణి దేవుడు చేర్చుకుంటాడా?

తాగుడు మానాకే మందిరానికి రావాలా అని అడిగారు. అక్కర్లేదండి. మా పాలకొల్లు వైపు, మానాకే వస్తామని చాలామంది అంటారు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీరు చేను పండాక వదలరు కదా, నీరు అందితేనే పండుతుంది. కృప కూడా అంతే. మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు చనిపోయాడంటుంది బైబిల్లో రోమా పత్రిక 5:8.

యేసు శిష్యుడు పేతురునే చూడండి. యేసు ఎవరో తెలీదని మూడుసార్లు బొంకాడు. తిరిగి లేచిన యేసు తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి, ముందు అతనికి భోజనం పెట్టాడు. "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగింది ఆ తర్వాతే. తన గొర్రెల్ని, అంటే తన ప్రజల్ని, అప్పగించిందీ అతనికే! ఈ భాగం చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

అలాగని పాపంలోనే ఉండిపొమ్మని కాదు, రోమా 6లో, ఆ పత్రిక రాసిన పౌలు అది గట్టిగా చెప్పాడు. మీరు మాత్రం ఈ ఆదివారం టెన్షన్ పడకుండా, ఉన్నవారు ఉన్నట్టే రండి.