డే కేర్‌లో పనికి చేరబోయే బిడ్డకు పెద్దమ్మ రాసేది

బిడ్డా,

సాయంత్రం కాలేజీ క్లాసులు అయ్యాక హనుమకొండలో డే కేర్‌కు పనికి పోతానంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి "నువ్వన్నా చెప్పక్కా, చదువు పాడవుతది" అని ఒకటే టెన్షన్ పడింది. నన్నడిగితే పొమ్మనే అంటాను. అంగన్‌వాడీలో ఆయాగా మొదలుపెట్టి, ఆ తర్వాత డే కేర్ పిల్లలతోనే ఇన్నేళ్లు గడిపినదాన్ని, వద్దని ఎట్లా చెప్తాను? కానీ నీలాంటి డిగ్రీ పిల్లలు ఉత్సాహంగా చేరి, రెండు నెలలు తిరగకుండానే మానేసిపోవడం చాలాసార్లు చూశాను. పిల్లలంటే ఇష్టం లేక కాదు, చేయలేనన్ని గంటలు ఒప్పుకుని.

అందుకే ముందు గంటల సంగతి తేల్చుకో. వారానికి ఆరు రోజులు వస్తానని చెప్పి నాలుగు రోజులు పోవడం కన్నా, మూడే రోజులు ఒప్పుకుని ఆ మూడు రోజులూ తప్పకుండా పోవడం మేలు. రెండేళ్ల పిల్లకు గడియారం చూడరాదు గానీ, నిద్ర లేచి పాలు తాగాక ఫలానా అక్క వస్తదని తెలుసు. నువ్వు రాని రోజు వెతుక్కుంటది, ఎవరు ఎత్తుకున్నా ఊరుకోదు. యజమానికి కావాల్సింది పని చేసే మనిషి, పిల్లకు కావాల్సింది నువ్వు. ఆ తేడా గుర్తుంటే సెలవు పెట్టే ముందు ఒకసారి ఆలోచిస్తావు.

ల్యాబ్ ఉన్న రోజులు అసలు ఒప్పుకోకు. ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షల తేదీలు తెలిసిన రోజే వాళ్ల రిజిస్టర్‌లో రాయించు. అటెండెన్స్ 75 శాతం తగ్గితే పరీక్ష దగ్గర ఎంత ఇబ్బందో నీకు నేను చెప్పాలా? ఇంకొకటి, దసరా సెలవుల్లో మన కాలేజీలు మూస్తారు గానీ డే కేర్ మూయరు. కాజీపేట రైల్వేలో చేసేవాళ్లకు, ఆస్పత్రి నర్సులకు, బ్యాంకువాళ్లకు మనలాగా సెలవులుండవు. పైగా బడులు బందు కాబట్టి పెద్ద పిల్లలను కూడా తెచ్చి దింపుతారు. బతుకమ్మకు ఊరికి పోవాలనుకుంటే ఆ మాట చేరే రోజే చెప్పు, సద్దుల బతుకమ్మ ముందురోజు కాదు.

మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, దూరమైనా పర్లేదనుకుంటావేమో. డబ్బు పోదు, పొద్దు పోతది. సాయంత్రం ఆరున్నర దాటాక చౌరస్తాలో బస్సు దొరికి ఇల్లు చేరేసరికి చదువుకునే ఓపిక ఉండదు. కాలేజీకో ఇంటికో నడిచిపోయేంత దగ్గరలో ఉన్నదే చూసుకో, జీతం కొంచెం తక్కువైనా సరే. ఆ జీతం నెలకా గంటకా, పండుగ రోజులకు కోస్తారా, తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తే ఆ అదనపు సమయానికి ఏమిస్తారు అన్నవి మొహమాటం లేకుండా అడుగు.

చేరే ముందు ఒక సాయంత్రం పోయి గంటసేపు ఊరికే కూర్చో. గోడల మీది బొమ్మలు చూడకు. గేటుకు గడియ ఎంత ఎత్తులో ఉంది, బాత్‌రూమ్‌లో బకెట్లు నీళ్లతో నింపి వదిలేశారా, స్విచ్‌బోర్డులు చేతికందేట్టు ఉన్నాయా అన్నవి చూడు. పాకే పిల్లకు బకెట్‌లో జానెడు నీళ్లున్నా ప్రమాదమే. మనుషులను కూడా లెక్కపెట్టు. 2018లో కేంద్రం ఇచ్చిన క్రెష్ (పిల్లల డే కేర్) మార్గదర్శకాల ప్రకారం మూడేళ్ల లోపు పిల్లలైతే పది మందికి ఒకరు, ఆపై వయసువాళ్లైతే ఇరవై మందికి ఒకరు ఉండాలి. పాతిక మంది చంటిపిల్లలను ఒక్క ఆయమ్మకు అప్పగించిన చోటు ఎంత మెరిసిపోతున్నా వచ్చెయ్.

ఆయమ్మ అన్నాను కాబట్టి చెప్తున్నాను. చదువుకున్న పిల్లలు చేరగానే నేర్పడం తమ పని, కడగడం ఆయమ్మ పని అనుకుంటారు. అట్లా విడదీస్తే ఆ పని నీకు రాదు. డైపర్ మార్చడం, వాంతి తుడవడం, ముక్కు చీదడం అన్నీ నువ్వూ చెయ్యాలి. ఏ పిల్ల ఎప్పుడు నిద్రపోతది, ఎవరికి పెరుగు పడదు, ఎవరి ఏడుపు ఆకలిది, ఎవరిది మారాం అన్నది ఆమెకే తెలుసు. ఆమె దగ్గర నేర్చుకో.

తిండి దగ్గర మాత్రం ఎవరు ఏమన్నా నీ మాటే నిలబెట్టు. పల్లీలు, పుట్నాలు, రేగుపండ్లు, సీతాఫలం గింజలు చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడేవి. ద్రాక్షపండు నిలువునా చీల్చకుండా ఇవ్వకు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించమని ఏ నానమ్మ చెప్పినా వద్దు. తినను అన్న నోట్లో ముద్ద కుక్కకు. డబ్బా ఖాళీ అయిందని తల్లికి చూపించడం కోసం బలవంతంగా పెట్టేవాళ్లు ఉంటారు, వాళ్లను చూసి నేర్చుకోకు. చంటిపిల్లను వెల్లకిలే పడుకోబెట్టాలి. జ్వరం వస్తే తల్లికి ఫోన్ చెయ్యి. మందు పేరు, మోతాదు ఆమె చీటీ మీద రాసివ్వకుండా ఏ మందూ నీ చేత్తో వెయ్యకు.

రెండేళ్ల వయసులో కొరకడం మామూలే. కొరికిన పిల్లను దూరంగా కూర్చోబెట్టి తిట్టే బదులు, ముందు కొరికించుకున్న పిల్లను ఎత్తుకో. సాయంత్రం ఆ తల్లికి గాటు గురించి చెప్పు, కొరికిన పిల్ల పేరు మాత్రం చెప్పకు. లేకపోతే తెల్లారి గేటు దగ్గర రెండు కుటుంబాలు కొట్లాడుకుంటాయి. పిల్ల పడ్డా, తల తగిలినా, తల్లి చూసి అడిగేదాకా ఆగొద్దు, చెప్పులు విప్పేలోపే నువ్వే చెప్పు. దాచిన చిన్న బొప్పి వల్ల పోయే నమ్మకం మళ్లీ రాదు.

పొద్దున తల్లి దొంగచాటుగా జారుకుంటే పిల్ల రోజంతా తలుపు వంకే చూస్తది. నువ్వున్నప్పుడు అట్లా పోనివ్వకు. "పోయొస్తా, సాయంత్రం వస్తా" అని చెప్పే పొమ్మను. ఏడుపు ఎక్కువే ఉంటది, అయినా సరే.

పిల్లను తీసుకపోయేవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి. అందులో లేని మనిషి వచ్చి, మేనమామనని ఎంత నవ్వుతూ చెప్పినా, తల్లికో తండ్రికో ఫోన్ చేసి వాళ్ల నోటితో విన్నాకే పంపు. వాళ్లు కోప్పడితే పడనీ. పిల్లల ఫొటోలు నీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు, ఎంత ముద్దొచ్చినా. వాళ్లు నీ పిల్లలు కారు.

ఒంటి మీద దెబ్బల గుర్తులో, తాకరాని చోట నొప్పో కనిపిస్తే, ఇంటివాళ్ల పనైనా అక్కడివాళ్ల పనైనా, నీలో నువ్వు పెట్టుకోకు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చెయ్యి. లైంగిక నేరమైతే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత. యజమాని గమ్మునుండమంటే ఆ రోజే మానెయ్.

నీ సంగతి కూడా రెండు ముక్కలు. గోళ్లు కత్తిరించుకో, వేలాడే కమ్మలు, గాజులు ఇంట్లో పెట్టిపో. కిందికి వంగి కాదు, కూర్చుని ఎత్తుకో, లేకపోతే నడుం పడుతది. మొదటి నెలల్లో ప్రతి జలుబూ నీకే వస్తది. చేతులు సబ్బుతో కడుక్కో, కాలేజీ నుంచి ఖాళీ కడుపుతో పోకు. ఫైనలియర్‌లో మానాలనుకుంటే నెల ముందు చెప్పి, కొత్తగా వచ్చే మనిషితో కొన్ని రోజులు కలిసి పని చెయ్యి.

గొంతులో ఏదైనా అడ్డం పడి ఊపిరాడకపోతే ఏం చెయ్యాలో చదివితే రాదు, చేసి చూడాలి. ఏడాది లోపు బిడ్డ అయితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పెట్టి వీపు మీద అయిదు దెబ్బలు, రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో అయిదు ఒత్తులు. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. పక్కనున్నవాళ్లను 108కు ఫోన్ చెయ్యమను. పెద్ద పిల్లలకు పద్ధతి వేరే. ఆదివారం ఇంటికి రా, రెండూ చేయించి చూపిస్తా. మీ తమ్ముడి చిన్నప్పటి బొమ్మ అటక మీద ఉంటే తీసుకురా.

మీ పెద్దమ్మ