మనసుతో మొదలుపెట్టు, కాగితం దాకా వెళ్లు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు పాఠాలు చెప్పే బడిలో శాంతి క్లబ్ పెడతానన్నావు. పొద్దున ధ్యానం, వారానికోసారి విలువల పాఠం, నెలకోసారి సేవా కార్యక్రమం అని టైమ్‌టేబుల్ కూడా వేసి పంపావు. ఎన్నికల గొడవలు అయిపోయినా రెండు వాడల పిల్లలు మాట్లాడుకోవడం లేదని, మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవరి వరుస వాళ్లదే అయిపోయిందని రాశావు. అది చూసి ఊరుకోలేక ఈ పని తలకెత్తుకున్నావంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆ టైమ్‌టేబుల్‌ను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టు. ధ్యానం ఒక పీరియడు, విలువలు ఒక పీరియడు, సేవ ఒక ఆదివారం అని విడగొడితే ఆ మూడూ ఎప్పటికీ కలవవు. పిల్లలు కళ్లు మూసుకుని అందరూ బాగుండాలని అనుకుంటారు, గంట కొట్టగానే లేచి వెళ్లి ఎవరి వరుసలో వాళ్లు కూర్చుంటారు.

ఆ మూడూ ఒకే పనిగా ఎలా నడుస్తాయో చూడటానికి దూరం పోనక్కర్లేదు, మన పోచంపల్లి ఉంది. 1951 ఏప్రిల్‌లో తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. పల్లెల్లో ఒకపక్క పోలీసుల భయం, ఇంకోపక్క కమ్యూనిస్టుల సాయుధ దళాల భయం. గాంధీజీ శిష్యుడు వినోబా భావే హైదరాబాదు దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం (గాంధేయవాదుల సభ) కోసం వార్ధా వైపు నుంచి నడిచి వచ్చారు. హైదరాబాదు జైల్లో ఉన్న కమ్యూనిస్టులను కలిశారు. తర్వాత పల్లెల దారి పట్టి 18న పోచంపల్లి చేరారు. దళితవాడకు వెళ్లి, మీకేం కావాలని అడిగారు. అక్కడి నలభై కుటుంబాలూ ఎనభై ఎకరాలు అడిగాయి, సగం తరి (నీటి వసతి ఉన్న భూమి), సగం ఖుష్కి (మెట్ట). ప్రభుత్వానికి రాద్దామని మొదట అనుకున్నా, అక్కడున్న ఊరివాళ్లనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూమి ఉన్నవాళ్లు లేనివాళ్లకు దానంగా ఇచ్చే భూదానోద్యమం అలా పుట్టింది.

అందరూ ఆ వంద ఎకరాల దగ్గరే ఆగిపోతారు. నువ్వు దానికి ముందు జరిగింది చూడు. దళాల గురించి మాట్లాడేముందు ఆ పక్షం వాళ్ల మాట వినడానికి ఆయన జైలుకు వెళ్లారు. వాడకు తానే నడిచి వెళ్లారు, మనుషులను తన దగ్గరికి పిలిపించుకోలేదు. మీకిది మంచిదని చెప్పకుండా, ఏం కావాలని అడిగారు. 1932లో ధూలియా జైల్లో తోటి ఖైదీలకు గీత చెప్పిన మనిషి, పాదయాత్రలో ఏ ఊళ్లో ఆగినా సాయంత్రం ప్రార్థన తప్పనివ్వని మనిషి. ఆయన భక్తి ఆ అడగడంలోనే ఉందని నా నమ్మకం.

అందుకని మొదటి నెల క్లబ్ పేరే ఎత్తకు. బడి వదిలాక రోజుకో ఇంటికి వెళ్లు, ఇవాళ ఈ వాడ అయితే రేపు ఆ వాడ. అరుగు మీద కూర్చో, ఇచ్చిన మంచినీళ్లు తాగు. ఎవరింట్లో తాగావు, ఎవరింట్లో వద్దన్నావు అన్నది సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది, నువ్వు చెప్పబోయే విలువల పాఠాలన్నిటికంటే ముందు పిల్లలు చదివేది దాన్నే. గొడవ గురించి నువ్వుగా అడగకు. పిల్ల ఎలా చదువుతోంది, ఇంట్లో ఏ పని చేస్తుంది, బడిలో మీకు ఏది నచ్చడం లేదు, ఇవి అడుగు. మధ్యాహ్నం వండే అమ్మలతో కూడా కూర్చో. ఏ పిల్ల ఎవరి పక్కన కూర్చోనంటుందో, ఎవరు కంచం పక్కకు లాక్కుంటారో వాళ్లకు తెలిసినంత హెచ్ఎంకి కూడా తెలియదు.

విన్న తర్వాత పని. పోట్లాడుకున్న పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలపమంటే కలుపుతారు, నువ్వు అటు తిరగ్గానే విదిలించుకుంటారు. ఇద్దరికీ కావలసిన పనిలో పక్కపక్కన పెట్టాలి. శ్రీలంకలో ఎ.టి. అరియరత్నే ఈ దారినే వెళ్లారు. కొలంబోలోని నలంద కాలేజీలో టీచరుగా ఉండగా, 1958లో విద్యార్థులను వెంటబెట్టుకుని కనతొలువ అనే ఊరికి వెళ్లారు. అంటరానివాళ్లని పక్కన పెట్టిన రోడియ కులస్థుల ఊరది. పట్నం పిల్లలు అక్కడే ఉండి ఊరివాళ్లతో కలిసి పనిచేశారు. సర్వోదయ శ్రమదాన ఉద్యమం అక్కణ్నుంచే వేల ఊళ్లకు పాకింది. అందులో మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివాళ్ల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష (సమభావం) అనే బౌద్ధ భావనలు ఉన్నాయి, పారపట్టి మట్టి ఎత్తడమూ ఉంది. తమిళులకు, సింహళులకు మధ్య యుద్ధం సాగిన ఏళ్లలో వాళ్లు శాంతి యాత్రలు, వేలమందితో ధ్యాన సభలు జరిపారు. ఊళ్లలో అంతకుముందే కలిసి బావి తవ్విన చరిత్ర ఉంది కాబట్టే ఆ ధ్యానానికి బలం వచ్చిందని నేననుకుంటాను.

మీ బడిలో అలాంటి పని ఏదో నువ్వే చూసుకోవాలి. మంచినీళ్ల ట్యాంకు దగ్గర బురద అన్నావు కదా, దాంతో మొదలుపెట్టవచ్చు. ఇంకుడు గుంత తవ్వడం, కూరగాయల మడి వేయడం, ఏదైనా సరే. జట్లు నువ్వే వెయ్యి, ప్రతి జట్టులో రెండు వాడలవాళ్లూ ఉండాలి. ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. ఊడవడం, కడగడం ఎవరి వంతుకు వస్తోందో రోజూ గమనించు. ఆడపిల్లలకు చీపురు, మగపిల్లలకు పార అయినా, కింది కులాల పిల్లలకే మరుగుదొడ్డి పని పడినా అది సేవ కాదు, పాత అన్యాయమే. వంతుల కాగితం గోడకు అంటించు, అందులో నీ పేరు కూడా రాయి.

ఇక మౌనం. పని అయ్యాక, చేతులు కడుక్కున్నాక, అందరూ కాసేపు చుట్టూ కూర్చోండి. శ్లోకాలూ కీర్తనలూ వద్దు. మీది ప్రభుత్వ బడి, పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఆ రూలు లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని. ముస్లిం పిల్ల, క్రైస్తవ పిల్లాడు, దేవుణ్ని నమ్మని వాళ్లింటి పిల్లాడు, అందరూ ఇబ్బంది లేకుండా కూర్చోగలిగేది మౌనంలోనే. వినోబా కూడా అందరూ కలిసి కూర్చోవచ్చని తన సభల్లో మౌన ప్రార్థన పెట్టారు. కళ్లు మూసుకోమని బలవంతపెట్టకు. మొదట్లో నవ్వులు, గిల్లుళ్లు ఉంటాయి. ఉండనీ. తర్వాత ఇవాళ ఎవరు మీకు సాయం చేశారని అడుగు, చెప్పదలచినవాళ్లు చెబుతారు.

ఎవరైనా ఎవరినైనా కొట్టినప్పుడు తప్పెవరిదన్న ప్రశ్నతో మొదలుపెట్టకు. ఏం జరిగిందో ఇద్దరినీ విడివిడిగా చెప్పనివ్వు, ఒకరు చెబుతుంటే రెండోవాళ్లను అడ్డురానివ్వకు. తర్వాత, ఇప్పుడు ఏం చేస్తే సరవుతుందని దెబ్బ తిన్నవాళ్లను ముందు అడుగు. కులం పేరుతో తిట్టిన సందర్భమైతే మాత్రం ఇద్దరినీ సర్దిచెప్పి పంపడం న్యాయం కాదు. తిట్టిన పిల్లాడికి అది ఎందుకు నేరమో చెప్పాలి, వాళ్లింటికి వెళ్లి పెద్దలకూ చెప్పాలి. గొడవ బయటికి రాకుండా చూడటమే శాంతి అని నీకు చాలామంది సలహా ఇస్తారు. వినకు. భూదానం పోరాటం మీద నీళ్లు చల్లిందని అప్పట్లో విమర్శించినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. రైతుకూలీలు అన్నేళ్లు పోరాడకపోతే భూమి గురించి అడగాలని గానీ, ఇవ్వాలని గానీ ఎవరికి తోచేది? అడిగే గొంతు గట్టిగా ఉన్నప్పుడే ఇచ్చే మనసు కూడా మేలుకుంటుంది.

పోచంపల్లి తర్వాతి కథ కూడా నువ్వు తెలుసుకోవాలి. దేశమంతా లక్షల ఎకరాలు దానంగా వచ్చాయి. వాటిలో రాళ్లూ రప్పలూ ఉన్న భూములు, కోర్టు తగాదాల్లో ఉన్నవి చాలానే. పంచకుండా మిగిలిపోయినవీ ఎక్కువే. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది, అయినా హైదరాబాదు చుట్టుపక్కల భూదాన భూముల ఆక్రమణల కేసులు ఈ మధ్య దాకా కోర్టుల్లో నడుస్తూనే ఉన్నాయి. సభలో మనసు కరిగి ఇచ్చిన మాటకు, పేదవాడి చేతికి పట్టా రావడానికి మధ్య ఎవరో ఒకరు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. తిరిగేవాళ్లు చాలినంతమంది లేకపోయారు.

అందుకే నీ పిల్లలకు కాగితం పని కూడా నేర్పు. ట్యాంకు లీకవుతోందని బాలసభలో అనుకుంటే, అక్కడే పంచాయతీకి అర్జీ రాయించు. తేదీ వేయించు, కాపీ ఉంచుకో, ముట్టినట్టు సంతకం తీసుకోమను. గ్రామసభ జరిగే రోజు నలుగురు పిల్లలు పెద్దవాళ్లతో వెళ్లి అడగాలి, ఇద్దరు ఈ వాడ, ఇద్దరు ఆ వాడ. జవాబు రాకపోతే మళ్లీ రాయాలి. అర్జీల కోసం ఒక రిజిస్టరు పెట్టు. అయితే పిల్లలను ధర్నాల ముందు వరుసలో కూర్చోబెట్టకు, ఏ పార్టీ నాయకుడి పక్కన ఫోటోకు నిలబెట్టకు. నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి, ఒక్క ఫోటో చాలు, రెండో వాడ తల్లిదండ్రులు నిన్ను నమ్మడం మానేస్తారు.

నీ సంగతి కూడా చూసుకో. ఈ పనిలో దిగినవాళ్లకు కోపం ఎక్కువవుతుంది, నిద్ర తగ్గుతుంది, ఇంట్లోవాళ్ల మీద అరుస్తారు. పొద్దున బడికి బయల్దేరేముందు కాసేపు ఒంటరిగా కూర్చో, ఫోన్ వేరే గదిలో పెట్టేసి. నిన్న నిన్ను ఎక్కువ బాధపెట్టిన మనిషిని తలుచుకుని, వాళ్లింట్లో ఏం కష్టం ఉందో ఆలోచించు. వాళ్లు చేసింది ఒప్పుకోమని కాదు. ఇవాళ వాళ్లతో మాట్లాడాల్సి వస్తే నీ గొంతు వణక్కుండా ఉండటానికి. తోడుగా ఇంకో టీచరునైనా చూసుకో, ఒక్కదానివే మోస్తే బదిలీ అయిన రోజున అంతా ఆగిపోతుంది.

దసరా సెలవులకు వస్తావు కదా, అర్జీల రిజిస్టరు తీసుకురా. ఏ ఆఫీసులో ఏది ఆగిందో చూసి, తర్వాతి ఉత్తరం ఎవరికి రాయాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఇట్లు
మీ అత్త