చైనాలో పాత గుడా? చువాన్‌జౌ కైయువాన్‌కి వెళ్లండి, వెనకవైపు కూడా చూడండి

"షామెన్‌లో ఉంటున్నాం, అమ్మానాన్న వస్తున్నారు, ఏ పాత గుడి చూపించాలి?" అని మీరు అడిగారు కదా. చువాన్‌జౌలోని కైయువాన్ గుడికి తీసుకెళ్లండి. స్పీడు రైల్లో అరగంట, అంతే.

7వ శతాబ్దంలో వెలసిన బౌద్ధాలయం అది. ఆవరణలో అటొకటి, ఇటొకటి ఐదంతస్తుల రాతి గోపురాలుంటాయి, తూర్పుది 48 మీటర్లు. జనం వాటి దగ్గర ఫోటోలు దిగి, పెద్ద మందిరంలో బుద్ధుడికి దండం పెట్టుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం మందిరం వెనక్కి వెళ్లండి.

మేం వెళ్లినప్పుడు మా అత్తయ్య అప్పటిదాకా నీరసంగానే తిరిగారు. అగరుబత్తుల పొగకి దగ్గొకటి. వెనక వరండాలో రెండు రాతి స్తంభాలున్నాయి, పదహారు పలకలు తీర్చినవి. మా బుడ్డోడు "నానమ్మా, సింహం!" అని అరిచాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "సింహమేంట్రా, నరసింహస్వామి! ఒళ్లో హిరణ్యకశిపుడు కనబడట్లా?" అన్నారు. ఇక దగ్గు లేదు, నీరసం లేదు. గోపికల చీరలెత్తుకెళ్లిన కృష్ణుణ్ని, మద్దిచెట్ల మధ్య ఉన్న కృష్ణుణ్ని ఆవిడే వెతికి పట్టుకున్నారు. గజేంద్రమోక్షం దగ్గరికొచ్చేసరికి పద్యం అందుకున్నారు. పక్కనున్న చైనా పెద్దావిడ ఏ మంత్రం అనుకుందో ఏమో, అయ్యేదాకా చేతులు జోడించి నిలబడింది.

నిజానికి ఆ స్తంభాలు ఆ గుడివి కావు. సముద్ర వ్యాపారానికి వచ్చిన తమిళ వర్తకులు 13వ శతాబ్దం చివర్లో ఆ ఊళ్లో శివాలయం కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం కూడా దొరికింది. ఆ ఆలయం పోయాక రాళ్లు తెచ్చి ఈ మందిరంలో వాడేశారు. మార్కోపోలో మన మోటుపల్లి రేవు గురించీ, ఈ చువాన్‌జౌ రేవు గురించీ రాశాడని మామయ్య అక్కడే క్లాసు పీకారు. అది నిజమే లెండి.

టైముంటే ఊళ్లోని సముద్రయాన మ్యూజియం కూడా చూడండి. మిగతా శిల్పాలు కొన్ని అక్కడున్నాయి. ఏనుగు శివలింగానికి పూజ చేస్తున్న పలకైతే తప్పకుండా చూడాలి. అది శ్రీకాళహస్తి కథేనని అత్తయ్య, కాదు తమిళనాడులోని తిరువానైక్కావల్ గుడి కథని మామయ్య రైలెక్కేదాకా వాదించుకున్నారు. కట్టించింది తమిళులు కాబట్టి నా ఓటు మామయ్యకే. ఇంట్లో మాత్రం పైకి అనలేదు.