స్లాబు పెచ్చులూడేది ఫ్లోరైడ్ నీళ్ల వల్లనేనా?

ప్రశ్న: మాది మునుగోడు దిక్కు. 1998ల బోరు నీళ్లతోనే ఇల్లు కట్టినం. ఇప్పుడు బాత్రూం మీద స్లాబు పెచ్చులూడి సలాక బయటపడ్డది. ఫ్లోరైడ్ సిమెంటును తినేసింది, ప్లాస్టర్ కొడితే అయిపోతదని మేస్త్రీ అంటుండు. సాగర్ డ్యాం అన్నేండ్ల సంది ఉన్నది గద, మా స్లాబెందుకు ఆగలే?

జవాబు: ఫ్లోరైడ్ మన పండ్లను, బొక్కలను ఖరాబు చేసింది గని ఈ పాపం దానిది కాదండీ. సలాకను తినేది క్లోరైడ్, అంటే ఉప్పు. కాంక్రీటు పనికి మన దేశంల ఉన్న రూల్సు పుస్తకం ఐఎస్ 456 కోడ్ ప్రకారం సలాక పెట్టే కాంక్రీటు కలిపే నీళ్లల్ల అది లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దు, మీ బోరు నీళ్లు ఉప్పగుంటే మాత్రం డౌటే.

అయితే నా అనుమానం వేరే. ఊడిపడ్డ పెచ్చును తిరగేసి చూడుండ్రి, సలాక అచ్చు పడి ఉంటది, ఆ అచ్చు కాడ మందం స్కేలుతోని కొలవండి. మామూలు స్లాబుకైనా 20 మిల్లీమీటర్లు ఉండాలె, మనోళ్లేమో సలాకను షీటుకు తగలకుండ ఎత్తి పట్టే కవర్ బిళ్లలు పెట్టకుండ సలాకను సీదా సెంట్రింగ్ షీటు మీదనే పరుస్తరు, ఉన్న నాలుగు బిళ్లలు గూడ తొక్కుళ్లల్ల జరిగిపోతయి. కొత్త కాంక్రీటుల పీహెచ్, అంటే క్షార గుణం లెక్క, 12 పైన ఉంటది కాబట్టి సలాకకు తుప్పు పట్టదు, గాలిల ఉన్న కార్బన్ డయాక్సైడ్ మెల్లమెల్లగ లోపలికి దిగి ఆ క్షారాన్ని తగ్గిస్తది, ఇగ బాత్రూం తడి తోడైతే తుప్పు మొదలైతది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ జాగ పడ్తది కాబట్టి కింది పెచ్చును నూకేస్తది. జారుడుగ రావాలని బకెట్లకు బకెట్లు నీళ్లు పోసినా, ఎండల పది రోజులన్న తడపకున్నా ఆ గాలికి తొవ్వ ఇంకా సులువైతది.

సాగర్ సంగతంటరా, 1955ల శంకుస్థాపన చేసిన ఆ పెద్ద కట్ట రాతికట్టడం, మీ స్లాబు లెక్క సలాక బలం మీద నిలబడ్డది కాదు.

తుప్పు మీద ప్లాస్టర్ కొడితే రెండు వానాకాలాలకే మళ్ల ఊడుతది, పైసలు దండుగ. ముందు పైనుంచి లీకేజీ ఆపుండ్రి. తర్వాత సుత్తితో కొట్టి చూసి డొల్లగ మోగినకాడల్ల సలాక వెనుకదాంక చెక్కి, వైరు బ్రష్‌తో తుప్పు రుద్ది, తుప్పు పట్టని కోటింగ్ వేసి పాలిమర్ మోర్టార్, అంటే పాలిమర్ కలిపిన సిమెంటు మాలు, నింపాలె. సలాక సన్నబడి ఉంటే మాత్రం కింద జాకీలు పెట్టి ఇంజనీరును పిలవండి, మేస్త్రీతోని కాదు.