టెక్ సందేహాలు: ప్రాసెసర్ సెగ, ఫ్యాన్ల హోరు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గేమింగ్ సిస్టమ్‌ల వేడి గురించే. అందులో మొదటిదానికి కాస్త వివరంగా జవాబు చెబుతాను. ఎందుకంటే చాలామంది డబ్బు వృథా చేసుకునేది అక్కడే.

ప్రశ్న: ఏడాదిన్నర కిందట గేమింగ్ కోసం సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నాను. మొదట్లో గేమ్ ఆడుతున్నప్పుడు ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గర ఉండేది. ఇప్పుడు గేమ్ మొదలైన కాసేపటికే 95 దాటుతోంది. ఫ్యాన్లు హోరుమంటున్నాయి, ఆట ఆగి ఆగి నడుస్తోంది. ప్రాసెసర్ కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకా పెద్ద కూలర్ కొనమంటారా?

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఇదే కూలర్ ఇదే ప్రాసెసర్‌ని ఒకప్పుడు 70 దగ్గర ఉంచగలిగింది. అంటే కూలర్ చాలక కాదు, మధ్యలో ఏదో మారింది. అదేంటో కనుక్కోకుండా కొత్తది బిగిస్తే డబ్బు పోతుంది, వేడి అలాగే ఉండిపోవచ్చు.

ముందు మీ భయం సంగతి చూద్దాం. ఇప్పటి ప్రాసెసర్లు తమను తాము కాపాడుకుంటాయి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో ఎక్కువ మోడళ్లకి 95, గేమర్లు ఇష్టపడే 7800ఎక్స్‌3డీకి 89. ఆ హద్దు దగ్గరికి రాగానే ప్రాసెసర్ తన వేగాన్ని, వోల్టేజిని తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. మీ ఆట ఆగి ఆగి నడవడానికి కారణం చాలావరకు ఇదే. అలా తగ్గినా వేడి ఆగకపోతే సిస్టమ్ దానంతటదే ఆఫ్ అయిపోతుంది. కాబట్టి ఈ రాత్రికి రాత్రే కాలిపోదు. అలాగని నెలల తరబడి వదిలేయాల్సిన విషయమూ కాదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఒక అరగంట గేమ్ ఆడుతూ నాలుగు విషయాలు గమనించండి: టెంపరేచర్, ప్రాసెసర్ వాడుతున్న వాట్లు, క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ నడుస్తున్న వేగం), ఫ్యాన్ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు). అందరూ టెంపరేచర్ ఒక్కటే చూస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది వాట్ల లెక్క. 70 వాట్ల దగ్గరే 95 డిగ్రీలు వస్తుంటే వేడి బయటికి పోయే దారిలో లోపం ఉన్నట్టు. 200 వాట్లు లాగుతూ 95 వస్తుంటే కూలర్ తన పని తను చేస్తోంది, తప్పు సెట్టింగుల్లో ఉంది.

వేడి ఎంత సేపట్లో ఎక్కుతుందో కూడా చూడండి. లోడ్ పడిన రెండు మూడు సెకన్లలోనే హద్దు దాకా ఎగిరి, గేమ్ మూసేయగానే అంతే వేగంగా కిందికి పడిపోతుంటే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ (వేడిని లాక్కునే కూలర్ లోహపు భాగం) మధ్య స్పర్శ సరిగ్గా లేదని అనుమానించాలి. ఆ రెండింటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, కూలర్ ఒక మూల వదులై ఉండొచ్చు. అలా కాకుండా పది పదిహేను నిమిషాల పాటు మెల్లగా ఎక్కుతుంటే క్యాబినెట్‌లో గాలి ఆడడం లేదు. దీన్ని తేల్చుకోవడం సులువు. క్యాబినెట్ పక్క ప్యానెల్ తీసి అదే గేమ్ అంతే సేపు ఆడి చూడండి. 10 డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో తగ్గితే గాలి దారి మూసుకుపోయినట్టే. పరీక్ష అయ్యాక ప్యానెల్ మళ్లీ పెట్టేయండి. తీసేసి వాడుకుంటే దుమ్ము త్వరగా చేరుతుంది. ఇంకో మాట, గది వేడి 10 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. అందుకని పాత రీడింగ్ చల్లటి రోజుల్లోదేమో గుర్తు చేసుకోండి.

దుమ్ము దగ్గర మొదలుపెట్టండి. పవర్ ఆపి, కేబుల్ తీసేసి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకోవాలి. గాలి ఒత్తిడికి అవి మామూలుకన్నా వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ముందు ఫిల్టర్ శుభ్రంగా కనిపించినంత మాత్రాన సరిపోదు. కూలర్ ఫ్యాన్ విప్పి, దాని వెనక హీట్‌సింక్ రేకుల మధ్య చూడండి. పైకి కనిపించని దుమ్ము అక్కడే పొరలా పేరుకుని ఉంటుంది. పనిలో పనిగా క్యాబినెట్ ఫ్యాన్ల దిశ కూడా చూసుకోండి. మోటారును పట్టి ఉంచే అడ్డ పట్టీలు ఏ వైపు ఉంటాయో, గాలి ఆ వైపుకే వెళ్తుంది. ముందు ఫ్యాన్లు లోపలికి లాగాలి, వెనకవి, పైవి బయటికి పంపాలి. అసెంబుల్ చేసినవాళ్లు ఒక ఫ్యాన్ తిప్పి బిగించడం అరుదేమీ కాదు.

దుమ్ము దులిపినా మార్పు లేకపోతే పేస్ట్ మార్చాలి. ఇక్కడ తొందరపడకండి. కూలర్ విప్పే ముందు సిస్టమ్‌ని కొన్ని నిమిషాలు గేమ్‌తో వేడెక్కించి, ఆఫ్ చేసి, పవర్ కేబుల్ తీసేయండి. పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత కూలర్‌ని నేరుగా పైకి లాగకుండా కొంచెం అటూ ఇటూ తిప్పుతూ వదిలించండి. ఏఎం4 రకం సాకెట్‌లో కూర్చునే ఏఎండీ ప్రాసెసర్లలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్ట్ పట్టుకుని ఉంటే, లాక్ వేసి ఉన్నా సరే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటు వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, కొత్తది మధ్యలో శనగగింజంత పెడితే మామూలు ప్రాసెసర్‌కి సరిపోతుంది. స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా బిగించేయకండి. ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగిస్తూ వెళ్లండి. ఒత్తిడి ఒక పక్కకే పడితే మీరు ఎంత మంచి పేస్ట్ పెట్టినా లాభం లేదు.

ఇక వాట్లే ఎక్కువగా ఉంటే బయోస్‌లోకి, అంటే సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లాలి. చాలా మదర్‌బోర్డులు, బెంచ్‌మార్క్‌లో ముందుండాలని, ప్రాసెసర్ పవర్ పరిమితుల్ని తయారీదారు చెప్పినదానికంటే పైన పెట్టి ఇస్తాయి. ఉదాహరణకి కోర్ ఐ9-14900కే కి ఇంటెల్ చెప్పిన టర్బో (అదనపు వేగంతో నడిచేటప్పటి) పరిమితి 253 వాట్లు. దాన్ని పూర్తిగా ఎత్తేసే బోర్డులు ఉన్నాయి. బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి. మీది 13 లేదా 14వ తరం ఇంటెల్ అయి, వేడితో పాటు గేములు క్రాష్ కూడా అవుతుంటే బయోస్ అప్‌డేట్ వెంటనే చేయండి. ఆ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించి వోల్టేజి తీసుకుని దెబ్బతింటున్నాయని ఇంటెల్ ఒప్పుకుని, 2024 ఆగస్టు నుంచి బయోస్ అప్‌డేట్ల ద్వారా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది. వారంటీని కూడా రెండేళ్లు పొడిగించింది. అయితే ఇప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని అప్‌డేట్ బాగుచేయలేదు, అప్పుడు వారంటీలో మార్పించుకోవాల్సిందే.

ఏఎండీ వాళ్లకి ఎకో మోడ్ ఉంది. 105 వాట్ల రైజెన్‌ని 65 వాట్ల తరగతికి తగ్గిస్తే వేడి బాగా దిగుతుంది, గేముల్లో ఫ్రేమ్‌రేట్ తేడా సాధారణంగా చాలా తక్కువ. దీన్ని వాడటం ఓటమి అనుకునేవాళ్లున్నారు. నేను మాత్రం నిస్సంకోచంగా వాడమంటాను.

ప్రశ్న: నాది వేడి సమస్య కాదు. గేమ్‌లో కూడా 65 దాటదు. కానీ బ్రౌజర్ తెరిచినా చాలు, ఫ్యాన్లు ఒక్కసారిగా రయ్యిమని లేచి రెండు సెకన్లలో తగ్గిపోతాయి. రోజంతా ఇదే. పిచ్చెక్కిపోతోంది.

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. ఒకే స్థాయిలో వినిపించే శబ్దాన్ని చెవి కాసేపటికి పట్టించుకోదు, పెరిగి తగ్గే శబ్దాన్ని మాత్రం వదలదు. ఇప్పటి ప్రాసెసర్లు చిన్న పనికైనా ఒక క్షణం పూర్తి వేగానికి వెళ్తాయి. ఆ క్షణంలో వేడి 20 డిగ్రీలు ఎగరడం మామూలే. ఫ్యాన్ దాన్ని నమ్మి పరుగెత్తుతుంది, తీరా అది అందుకునేసరికి వేడి ఉండదు.

బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ (ఏ వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత) తెరిచి, 60 డిగ్రీల దాకా వేగాన్ని ఒకే దగ్గర, తక్కువలో ఉంచండి. ఆ పైన నెమ్మదిగా పెరగనివ్వండి. అక్కడే స్టెప్ అప్ టైమ్ లేదా హిస్టరిసిస్ పేరుతో ఒక ఆప్షన్ ఉంటుంది. దాన్ని కొన్ని సెకన్లకి పెడితే క్షణికమైన ఎగుడుదిగుళ్లని ఫ్యాన్ పట్టించుకోదు. ఫ్యాన్ వేగం రెట్టింపైతే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే వేగం కొంచెం తగ్గించినా చెవికి చాలా తేడా తెలుస్తుంది.

మరో చిన్న విషయం. మీ ఫ్యాన్లలో 3 పిన్నులవి ఉంటే, వాటిని కలిపిన చోట బయోస్‌లో పీడబ్ల్యూఎమ్ (4 పిన్నుల ఫ్యాన్ల పద్ధతి) బదులు డీసీ మోడ్ (వోల్టేజితో వేగం మార్చే పద్ధతి) పెట్టండి. లేకపోతే అవి ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతాయి.

ఇవన్నీ చేశాక కూడా గరగరమని వినిపిస్తే బేరింగ్ అరిగినట్టు. దానికి నూనె చుక్కలు వేయడం కన్నా ఫ్యాన్ మార్చేయడమే మేలు. సన్నగా కీచుమనే శబ్దం, అదీ గేమ్ మెనూలో ఉన్నప్పుడు, వస్తుంటే అది అసలు ఫ్యాన్ కాకపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు వందల ఫ్రేములు గీస్తున్నప్పుడు అందులోని కాయిల్స్ చేసే మోత అది. ఫ్రేమ్‌రేట్‌ని మీ మానిటర్ రిఫ్రెష్ రేట్‌కి పరిమితం చేయండి, మోతతో పాటు వేడీ తగ్గుతుంది.

ప్రశ్న: లిక్విడ్ కూలర్ వాడుతున్నాను. ఆన్ చేయగానే గుడగుడమంటుంది. ఏమీ చేయకపోయినా 60 డిగ్రీలు చూపిస్తోంది.

జవాబు: లోపల గాలి చేరి పంపులో తిరుగుతోంది. ఇలాంటి మూసి ఉన్న కూలర్లలో కూడా ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబుల గోడల గుండా నీరు కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. ఆ ఖాళీలోకి వచ్చిన గాలి ఎప్పుడూ ఎత్తైన చోటికే వెళ్తుంది. కాబట్టి రేడియేటర్ (ఫ్యాన్లు బిగించి ఉండే, నీటిని చల్లార్చే భాగం) పైభాగం పంపుకన్నా ఎత్తులో ఉండాలి. మీ రేడియేటర్ క్యాబినెట్ అడుగున ఉంటే దాన్ని పైకో ముందుకో మార్చండి. ముందు పెట్టేటప్పుడు, ట్యూబులు అందితే, అవి కింది వైపుకి ఉండేలా చూడండి.

తర్వాత బయోస్‌లో పంపు ఆర్‌పీఎం చూడండి. సున్నా చూపిస్తుంటే ముందు వైరు సరిగ్గా కూర్చుందో లేదో, పంపు కోసం ఇచ్చిన కనెక్టర్‌కే పెట్టారో లేదో సరిచూసుకోండి. పంపుకి ఫ్యాన్ కర్వ్ పెట్టకండి, పూర్తి వేగంతో తిరగనివ్వండి. అన్నీ సరిగ్గా ఉన్నా ఒక ట్యూబ్ వేడిగా, రెండోది చల్లగా ఉందంటే నీరు తిరగడం లేదు. వారంటీ ఉంటే క్లెయిమ్ చేయండి. లేకపోతే మార్చడం తప్ప దారి లేదు, ఈ కూలర్లలో చాలావరకు మళ్లీ నీరు నింపే వీలుండదు. మారుస్తున్నప్పుడు మంచి ఎయిర్ కూలర్ గురించి కూడా ఆలోచించండి. మధ్యస్థాయి గేమింగ్ ప్రాసెసర్‌కి అది చాలు, అందులో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే.

ప్రశ్న: గేమింగ్ ల్యాప్‌టాప్‌లో వేడి తగ్గించడానికి విప్పకుండా చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. విండోస్ అడ్వాన్స్‌డ్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99 శాతానికి మార్చండి. చాలా ల్యాప్‌టాప్‌ల్లో దీంతో టర్బో బూస్ట్ ఆగిపోతుంది, వేడి వెంటనే దిగుతుంది. వేగం కొంత తగ్గుతుంది కాబట్టి మీరు ఆడే గేమ్‌లో తేడా ఎంతో చూసుకుని నిర్ణయించుకోండి. ఆ ఆప్షన్ కనిపించకపోతే ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాప్‌లో పర్ఫార్మెన్స్ బదులు బ్యాలెన్స్‌డ్ మోడ్ ఎంచుకోండి. దుప్పటి మీదో పరుపు మీదో పెట్టి మాత్రం ఆడకండి, గాలి లాక్కునే రంధ్రాలు అడుగునే ఉంటాయి.